గుమ్మడికాయ కట్టిన బోర్డు

ఆ మంగళవారం సాయంత్రం ఆత్మకూరు బస్టాండు రోడ్డులో పోయినవాటి లెక్క ముందు చెప్తాను. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న షాపు బోర్డు ఒకటి. దాన్ని ఒకటి అనాలా నాలుగు అనాలా అన్న తగవు ఆ రోజు తేలలేదు. దాంట్లోని ట్యూబులైట్లు పన్నెండు. షాపు ఆసామి మోటారు సైకిలు ఒకటి, నెల కిందటే కొన్నది. మా ఆఫీసు అల్యూమినియం నిచ్చెన ఒకటి. నన్నారి సోడా సీసాలు ఐదు, అందులో ఇంకా తాగనివి రెండు. కాలువ బురదలో కూరుకుపోయిన కొయ్య గరిటెలు ఇరవై మూడు, పప్పుగుత్తులు నాలుగు. ఎండిన బూడిద గుమ్మడికాయ ఒకటి. మనుషులు సున్నా.

నా ఉద్యోగంలో ఎన్నో అంకెలు వేశాను. వాటిలో ఆ సున్నాను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను. లేచి వాకిట్లో రెండుసార్లు తిరిగి రావాల్సిందే.

వార్డు సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, షాపు బోర్డులు చూసే పనిలో ఏముంటుంది సార్ అని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది ఉదయగిరి. చదువు పదో తరగతితో ఆగింది, లెక్కలు ఆగలేదు. మా నాయన కొయ్యపని చేసేవాడు. ఏ దుంగలో ఎన్ని గరిటెలు వస్తాయో చెప్పడం నా ఆట. తర్వాత ఆత్మకూరులో పట్టణ ప్రణాళిక విభాగంలో కాంట్రాక్టు మనిషిగా చేరి, రోజూ బస్సులో వెళ్లివచ్చేవాడిని. టేపు పట్టడం, కొలత రాయడం, నోటీసు ఇచ్చిరావడం నా పని. గాలి లెక్క మా ఇంజనీరు గారు టీ బంకు దగ్గర నేర్పారు. ఈదురుగాలి లేస్తే చదరపు అడుగుకు రెండు కిలోల నెట్టుడు అనుకో, మిగతాది గుణకారమే అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఊళ్లో ఉన్న ప్రతి బోర్డునూ గుణించుకుంటూ నడిచేవాడిని. మా ఆవిడ కూరగాయల సంచి పట్టుకుని పక్కన నడుస్తున్నా సరే.

మా నిబంధన చిన్నదే. షాపు మీద బోర్డు పెట్టుకున్నవాడు దాన్ని మంచి స్థితిలో ఉంచాలి. చట్రం తుప్పు పట్టకూడదు, రేకు వేలాడకూడదు, తీగలు బయటికి రాకూడదు, ఏదీ రోడ్డు మీదికి పొడుచుకు రాకూడదు. ముందు నోటీసు ఇస్తాం. బాగుచేయించకపోతే మేమే దించి, ఖర్చు వసూలు చేస్తాం. పన్ను కట్టారా అని అడిగితే ఎవరైనా వెంటనే రసీదు తీసేవాళ్లు. మీ బోర్డు బాగుందా అని అడిగితే మాత్రం బయటికొచ్చి, తలెత్తి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసేవాళ్లు.

ఈ పనిలో మేం ముగ్గురం. మా విభాగానికి పెద్ద ఒక మేడం. టీచర్ల కుటుంబంలో పుట్టిన బాప్టిస్టు ఆమె. గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు, ఆమె మాట తప్పించుకున్నవాడినీ చూడలేదు. రెండోవాడు వీధిదీపాల విభాగం నుంచి మేం అరువు తెచ్చుకునే నిచ్చెనవాడు. మర్రిపాడు వైపు మనిషి, ఇంటి దగ్గర గొర్రెల మంద ఉంది. స్తంభం ఎక్కితే దిగబుద్ధి కాదు అతనికి. మూడోవాడిని నేను.

నన్ను అప్పట్లో ఒక చిక్కు వేధించేది. పాత బోర్డులు ముందు పాడవుతాయి, కొత్తవి గట్టిగా ఉంటాయి అని నేను లెక్క వేసుకున్నాను. ఊళ్లో అలా జరగడం లేదు. ఇరవై ఏళ్ల బోర్డు బండలా ఉండేది. మూడేళ్ల బోర్డు పట్టుకుంటే ఊగేది. ఇనుము అదే, కట్టిన వెల్డరు అతనే, తగిలే వాన అదే. లెక్క కుదరకపోతే నాకు అన్నం సయించదు.

ఆ చిక్కు బట్టల షాపు దగ్గర విడిపోయింది.

బస్టాండుకు ఎదురుగా, తూర్పుముఖంగా ఉంటుంది ఆ షాపు. పన్నెండు అడుగుల ఎత్తు మిద్దె, దానిపైన బోర్డు. ఆసామి వాళ్ల నాయన షాపు తెరిచిన రోజు పూజ చేసి ఎక్కించిన రేకు బోర్డు అన్నిటికన్నా లోపల ఉంది. దాన్ని దించకూడదని వాళ్ల పట్టు. కొత్త బోర్డు కావాల్సి వచ్చినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో చట్రం బిగించారు. అలా నాలుగు పొరలు. నేను టేపు పెట్టి మందం కొలిస్తే అడుగున్నర వచ్చింది.

మరి ఒక్కటైనా తీయొచ్చు కదా అని అడిగితే ఆసామి నా వైపు జాలిగా చూశాడు.

"నాయన ఎక్కించిన బోర్డు అబ్బయ్యా. అది దిగితే గిరాకీ దిగిపోద్ది. నీకు అర్థం కాదులే, నీది నెల జీతం."

నిచ్చెనవాడు అప్పటికే పైన ఉన్నాడు. బోర్డుకు ఎనిమిది ఇనుప కాళ్లు. ఒక్కొక్క కాలి మొదట్లో స్క్రూడ్రైవరు పొడిచి చూస్తూ, గట్టిగా ఉండాది, గట్టిగా ఉండాది అని చెప్తూ వస్తున్నాడు. నడిమికాలి దగ్గర మాట ఆగింది.

"ఒరే లెక్కలోడా, లోపలికి పోయిందిరా."

"ఎంత పోయింది?"

"పిడి దాకా."

పక్క కాలు కూడా అంతే. కాళ్ల చుట్టూ తెల్లటి పొక్కు కట్టి ఉందన్నాడు. ఏంది అది అంటే గోటితో గీరి నాలుక మీద వేసుకున్నాడు. నేను వద్దనేలోపే వేసుకున్నాడు.

"ఉప్పురా," అన్నాడు.

నేను తలెత్తి చూశాను. బోర్డు నడినెత్తిన, అందరి కళ్లూ ముందు దానిమీదే పడేలా, ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దాని పక్కన ఎర్రగుడ్డ మూట. అందులో కల్లుప్పు, పటిక. అమావాస్య అమావాస్యకూ కొత్తది కడతారు. కుళ్లిన కాయ కారి, చినుకు పడినప్పుడల్లా ఉప్పు కరిగి, నడిమి కమ్మీ వెంట జారి, సరిగ్గా ఆ రెండు కాళ్ల మొదట్లో చేరుతోంది. దిష్టి తగలకుండా కట్టిన మూటే బోర్డును తినేస్తోంది.

ఇంతకాలం బోర్డుల వయసు లెక్కపెట్టాను, మూటలు లెక్కపెట్టలేదు. మేడంకు ఫోను చేసి ఏదేదో గబగబా చెప్పాను. ఆమె ఒక నిమిషం విని, ముందు మంచినీళ్లు తాగు, తర్వాత మళ్లీ మొదటినుంచి చెప్పు అంది. రెండోసారి విన్నాక తనే బయలుదేరి వచ్చింది.

ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం అన్నం మాట మరిచిపోయి బజారంతా తిరిగాం. మూట గుమ్మానికి కట్టిన షాపుల్లో బోర్డు కాళ్లు గట్టిగా ఉన్నాయి. మూట బోర్డు చట్రానికి కట్టిన చోటల్లా, దాదాపు అన్నిచోట్లా, స్క్రూడ్రైవరు దిగిపోయింది. ప్రతిసారీ నిచ్చెనవాడు పైనుంచి, దిగిందిరా, అంటుంటే నాకు లాటరీ తగిలినట్టుండేది. ఒక మందుల షాపాయన, ఏందయ్యా, నా బోర్డు పుచ్చిపోతే నీకు ఇంత సంతోషం, అని కోప్పడ్డాడు. ఆయన కోపం న్యాయమే.

బట్టల షాపుదే అన్నిటికన్నా పెద్ద బోర్డు, అన్నిటికన్నా బరువు, దాని కింద ఎప్పుడూ జనం. నోటీసు ఆ రోజే ఇచ్చాం. ఆసామి గొణిగాడు గానీ, మేడం అతన్ని మిద్దె మీదికి తీసుకుపోయి స్క్రూడ్రైవరు అతని చేతికే ఇచ్చింది. తన చేత్తో పొడిచి చూసుకున్నాక అతను దిగివచ్చి, దించండమ్మా, కాకపోతే మంచి టైం చూసి దించండి అన్నాడు.

అడ్డు పడింది అతను కాదు. బోర్డు కింద కూర్చునే గరిటెల అక్క.

మా ఉదయగిరి మనిషే ఆమె. అరవై దాటి ఉంటాయి. ఇంట్లో చెక్కిన కొయ్య గరిటెలు, పప్పుగుత్తులు, దువ్వెనలు మధ్యాహ్నం బస్సులో తెచ్చి, షాపు ముందు రోడ్డు మార్జిన్లో పట్టా పరిచి అమ్ముకునేది. చీకటి పడేలోపు మళ్లీ బస్సు. నేను నోటీసు ఇచ్చి మెట్లు దిగుతుంటే పిలిచింది.

"ఏందబ్బయ్యా, బోర్డు దించుతారంట?"

కాళ్లు పుచ్చిపోయాయనీ, గాలి వస్తే నీమీదే పడుతుందనీ చెప్పాను.

"పడితే ఒకసారి పడుద్ది. ఎండ రోజూ పడతా ఉండాది," అంది ఆమె.

నేను టేపు తీశాను. చిక్కు వస్తే అది తీయడం నా అలవాటు. మూడున్నరకు మిద్దె నీడ గోడ దగ్గర నుంచి పదమూడున్నర అడుగులు వచ్చింది. అందులో మెట్లు, కాలువ, వరసగా నిలిపిన బైకులు. మనిషి కూర్చునే చోటు లేదు. దాని తర్వాత మొదలయ్యేది బోర్డు నీడ. తొమ్మిది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నూట ఎనభై చదరపు అడుగులు. ఉదయగిరి బస్సు కోసం నిలబడేవాళ్లంతా అందులోనే, ఆమె పట్టా అందులోనే, ఆమె గిరాకీ అంతా అందులోనే. నీడ లేకపోతే జనం అక్కడ నిలబడరు. జనం నిలబడకపోతే గరిటె కొనేవాడు లేడు.

మా నిబంధనలో తుప్పు ఉంది, తీగ ఉంది, నీడ లేదు. అయినా బోర్డును ఉండనివ్వలేం.

"నీ నీడ నీకు ఇప్పిస్తానక్కా," అన్నాను.

"ఎంత ఇస్తావు?"

"నూట ఎనభై చదరపు అడుగులు."

ఆమె నవ్వింది. "కొలిచి మరీ చెప్తా ఉండావు. కొలిచినోడు ఎగ్గొట్టడులే," అంది.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు నిచ్చెన, ట్రాక్టరు, మోకులు, గ్యాస్ కట్టరు మనిషి, అన్నీ తీసుకుని వెళ్లాం. ఆసామి గడియారం చూసి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. నాయన ఎక్కించిన బోర్డును రాహుకాలంలో దించనివ్వనన్నాడు. ఆకాశం తెల్లగా ఉంది, ఆకు కదలడం లేదు. మేడం ఆలోచించి, సరే, నాలుగున్నర దాకా ఆగుదాం, కానీ కింద ఒక్క మనిషి ఉండకూడదు అంది. ఆసామి సంతోషంగా అందరికీ నన్నారి సోడాలు తెప్పించాడు.

ఆసామి తన బైకు తర్వాత తీస్తానన్నాడు, మిగతా బైకులు తీయించి నీడ చుట్టూ మోకు కట్టాం. దానికి ఎర్రగుడ్డ ముక్కలు వేలాడదీశాం. జనం మోకు కిందనుంచి వంగి లోపలికొచ్చి నిలబడ్డారు. బయటికి పంపితే రెండు నిమిషాలకు మళ్లీ నీడలో ఉన్నారు. ఒకాయన మోకుకు తన టిఫిన్ క్యారియరు తగిలించుకున్నాడు. వరికుంటపాడు పోవాల్సిన పెద్దాయన ఒకడు, బోర్డు నా తలమీద పడితే నీ తప్పు లేదని రాసిస్తాను, నన్ను ఎండలోకి తోలొద్దు సామీ, అన్నాడు. గరిటెల అక్క అసలు కదల్లేదు.

నాలుగు దాటింది. పడమట ఉదయగిరి కొండల వైపు ఆకాశం ఒక్కసారి ఇటుకరంగుకు తిరిగింది. ముందు దుమ్ము వాసన వచ్చింది. తర్వాత కాగితాలు లేచాయి. తర్వాత గాలి.

పడమటి గాలి. అంటే బోర్డు వీపు మీద. నూట అరవై చదరపు అడుగులకు మూడువందల ఇరవై కిలోల నెట్టుడు. ఎనిమిది కాళ్లు మోయాల్సింది ఆరు మోయాలి. నడుములో పట్టు లేదు. పడితే ముందుకే, రోడ్డు మీదికే పడుతుంది. ఈ లెక్కంతా ఊపిరి తీసుకునేలోపు నా తలలో అయిపోయింది. పైన ఎక్కడో ఇనుము మూలిగింది.

నిచ్చెనవాడు మోకు భుజాన వేసుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, పైకెక్కి లాగి కడతానని. మేడం అతని చొక్కా పట్టుకుంది.

"ఎక్కొద్దు. బోర్డు పోనీ. మనుషుల్ని చూడు."

మనుషుల్ని చూస్తే, గాలిదుమ్ముకు జడిసి ఇంకా దగ్గరగా, గోడవైపు జరుగుతున్నారు. మా అరుపులు ఎవరికీ వినపడటం లేదు. అప్పుడు దూరంగా కనపడింది మా ఉదయగిరి బస్సు.

ఆ రోడ్డు మీద జనాన్ని ఎండ కదల్చలేదు, మోకు కదల్చలేదు, గాలి కదల్చలేదు. కదల్చగలిగింది ఒక్కటే ఉంది. నేను బస్సుకు ఎదురు పరిగెత్తాను. డ్రైవరు నన్ను రోజూ చూసేవాడే. రెండు చేతులూ ఊపి, ఇంకా యాభై గజాలు ఉండగానే ఆపించాను. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, ఏందన్నా, నీకోసం ఈడ ఆపాల్నా, అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను.

జనం వస్తున్నారు. సంచులు, చంకల్లో పిల్లలు, కిటికీలోంచి సీటు మీద వేయడానికి చేతుల్లో సిద్ధంగా తువ్వాళ్లు. వరికుంటపాడు పెద్దాయన అందరికన్నా ముందున్నాడు. టిఫిన్ క్యారియరాయన మోకును కూడా పీక్కుని వస్తున్నాడు. ఒక్క నిమిషంలో బోర్డు కింద ఖాళీ.

ఖాళీ కాదు. ఆమె ఉంది. పట్టా మీద కూర్చుని, గాలికి దొర్లిపోతున్న గరిటెల్ని రెండు చేతులా ఒడిలోకి లాక్కుంటోంది.

నేను జనానికి ఎదురీదుకుంటూ వెనక్కి పరిగెత్తాను. నిచ్చెనవాడు అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని లేపబోతున్నాడు. ఆమె అతన్ని గరిటెతో కొడుతోంది. సరుకు వదిలి లేవదు. బతిమాలే టైం లేదు. అతను నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. చెరో మూల పట్టా పట్టుకుని ఒక్క ఊపున లాగాం. గరిటెలు, పప్పుగుత్తులు, దువ్వెనలు, వాటి నడుమ ఆమె, అన్నీ కలిపి దక్షిణం వైపు ఈడ్చుకుంటూ పోయాం. పట్టా ఒక అంచు కాలువ మీదుగా పోతుంటే సరుకు జారిపోతోంది. ఆమె మా ఇద్దరి వంశాలనూ తిడుతోంది. నా జన్మలో అంత తియ్యటి తిట్లు వినలేదు. తిడుతోందంటే బతికి ఉన్నట్టే కదా.

వెనక పెద్ద చప్పుడు కాలేదు. ముందు చిన్నగా పట్ పట్ మని కాళ్లు తెగాయి. బోర్డు మధ్యలో వంగింది, రోడ్డుకు దండం పెట్టినట్టు. ఆ తర్వాత అంతా ఒక్కసారిగా దిగింది. నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆసామి బైకు చదునై ఉంది, మా నిచ్చెన విల్లులా వంగి ఉంది.

మేడం రోడ్డు మధ్యలో నిలబడి మమ్మల్ని వేలు పెట్టి లెక్కపెడుతోంది. ఒకసారి లెక్కపెట్టింది. చాలక ఇంకోసారి లెక్కపెట్టింది. ఆ తర్వాత రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.

ఆసామి బయటికొచ్చి గడియారం చూసుకున్నాడు. నాలుగుంబావు.

"రాహుకాలంలో దించొద్దన్నాను కదమ్మా," అన్నాడు నీరసంగా.

"మేం దించలేదండీ," అంది మేడం కళ్లు తెరవకుండానే.

ముందు నిచ్చెనవాడు నవ్వాడు, తర్వాత నేను, చివరికి ఆసామి కూడా. బస్సు కిటికీల్లోంచి జనం మమ్మల్ని చూసి పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

బోర్డు నాలుగు పొరలూ విడిపోయి వేరు వేరుగా పడి ఉన్నాయి. అందుకే ఆ తగవు: ఆసామి నాలుగు పోయాయంటాడు, నేను ఒక్కటే అంటాను. అన్నిటికన్నా లోపలి రేకు బోర్డుకు మాత్రం చిన్న సొట్ట తప్ప ఏమీ కాలేదు. చేత్తో రాసిన అక్షరాలు, పక్కన చీర కొంగు బొమ్మ, రంగు కూడా వెలవలేదు. ఆసామి దాన్ని తువ్వాలుతో తుడిచి, లోపల గల్లాపెట్టె వెనక గోడకు బిగించుకున్నాడు. గిరాకీ దిగిపోలేదనే విన్నాను.

ఆ నెలలోనే బజారులో మూటలన్నీ బోర్డుల మీదనుంచి గుమ్మాల మీదికి మారాయి. ఒక్క నోటీసు కూడా రాయాల్సిన పని పడలేదు. నిచ్చెనవాడు షాపు షాపుకూ తిరిగి తనే కట్టిచ్చాడు. దిష్టికి గుమ్మమే మేలు, బోర్డును చూసేది కళ్లు, గుమ్మం దాటేది కాళ్లు అని ఏదో సొంత శాస్త్రం చెప్పేవాడు. వాళ్లు తలలూపేవాళ్లు. నేను అంకెలు చెప్పినప్పుడు ఎవరూ అలా ఊపలేదు.

బట్టల షాపుకు కొత్త బోర్డు నిబంధన ప్రకారం వచ్చింది. గోడకు అంటుకుని, మూడడుగుల ఎత్తు, మంచి బిగింపు. చక్కటి బోర్డు. దానికి నీడ లేదు.

మరుసటి వారం గరిటెల అక్క అదే చోట పట్టా పరిచి, తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది. నన్ను చూసి, పక్కన నీడ లేని నేల మీద చేత్తో తట్టింది, అంతే.

పందిరి వేయిద్దామనుకున్నాను. రోడ్డు మీదికి ఏదీ రాకూడదని ఊరంతా తిరిగి చెప్పినవాడిని నేనే. నా నిబంధనే నాకు అడ్డం వచ్చింది. మేడం ఆలోచించి, చెట్టు పొడుచుకు వస్తే ఏ రూలూ అడ్డం రాదు కదా అంది. కాలువ అంచున వేపమొక్క నాటాను. మేకలు తిన్నాయి. కంచె కట్టి మళ్లీ నాటాను. కంచెతో సహా తిన్నాయి.

"కానుగ పెట్టబ్బయ్యా, దాన్ని మేకలు ముట్టవు," అంది గరిటెల అక్క. ముందే చెప్పొచ్చు కదక్కా అంటే, నువ్వు అడిగినావా, అంది.

మోకాళ్లు మొరాయించి నేను పని మానేసి రెండేళ్లు దాటింది. మేడంకు వేరే ఊరు బదిలీ అయింది. నిచ్చెనవాడు ఇంకా స్తంభాల మీదే ఉన్నాడు. గరిటెల అక్క సొంత డబ్బుతో పెద్ద గొడుగు కొనుక్కుంది. దాని నీడ ఆమెది, నా ఖాతాలో జమ వేసుకోను.

కానుగకు మాత్రం నీళ్లు ఆమే పోస్తోంది. పోయిన నెల పని ఉండి ఆత్మకూరు వెళ్లినప్పుడు చూశాను. నా భుజం దాటి ఎదిగింది, ఆకు నిగనిగలాడుతోంది. సంబరం పట్టలేక మూడున్నర దాకా అక్కడే నిలబడ్డాను. టేపు తీస్తుంటే ఆమె రెండో కొస పట్టుకుంది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పన్నెండు చదరపు అడుగులు జమ.

బాకీ, నూట అరవై ఎనిమిది.